మందు చేసిన గాయానికి మందేది?

జబ్బు చేస్తే తలరాతను తిట్టుకుంటాం. దెబ్బ తగిలితే తగిలించినవాణ్ని తిట్టుకుంటాం. మరి ప్రాణం నిలబెట్టిన మందే ఒంట్లోంచి ఏదో ఒకటి శాశ్వతంగా పట్టుకుపోతే ఎవర్ని తిట్టుకోవాలి? మందునా? అది లేకపోతే మనిషే లేడు!

స్ట్రెప్టోమైసిన్ అలాంటిదే. 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ దాన్ని వేరుచేశాడు. క్షయను లొంగదీసిన మొదటి యాంటీబయాటిక్ అది. అయితే కొందరిలో లోపలి చెవిలోని సున్నితమైన కణాలను చంపేస్తుందని కొన్నేళ్లకే తెలిసిపోయింది. వినికిడినీ, ఒంటి తూకాన్నీ చూసుకునేవి ఆ కణాలే. ఒకసారి పోతే మళ్లీ మొలవవు.

నిచ్చెన దిగిన మనిషి

మా పెదనాన్నది దబీర్‌పురా. హైదరాబాద్ పాత కోట గోడకున్న 13 దర్వాజాల్లో ఇప్పటికి మిగిలినవి రెండే. వాటిలో ఒకటి అక్కడుంది. ఆ చుట్టుపక్కల గల్లీల్లో ఆయన ఇళ్లకు కరెంటు వైరింగు చేసేవాడు. 1998లో క్షయ తిరగబెట్టింది. రెండు నెలలపాటు సూదులు వేయించుకోవాలన్నారు. నెల దాటేసరికి చెవుల్లో గుయ్‌మని ఒకటే మోత. నడుస్తుంటే నేల ఊగినట్టుండేది. సూది వేసే కాంపౌండరుకు చెప్పాడు. ‘మందు పనిచేస్తుందన్నట్టు’ అన్నాడట ఆయన.

క్షయ తగ్గింది. వినికిడి సగం పోయింది. తూకం పూర్తిగా పోయింది. వెలుతురుంటే కళ్ల ఆసరాతో నడిచేవాడు. కరెంటు పోతే మాత్రం గోడ పట్టుకోవాల్సిందే. ఇక నిచ్చెన ఎక్కడం ఎక్కడిది? ఆ కోపం ఇంట్లో చూపించేవాడు. పెద్దమ్మతో మాట్లాడటం మానేసి కేకలు వేసేవాడు. మొత్తం తప్పు కాంపౌండరుదేనని ఒకరోజు, వినకుండా పోయిన తనదేనని మరోరోజు.

చివరికి చిన్న దుకాణం పెట్టి ఫ్యాన్లకూ మిక్సీలకూ వైండింగు మొదలుపెట్టాడు. మోటారు చప్పుడు వినబడదు కాబట్టి పైన వేళ్లు ఆనించి, ఆ వణుకును బట్టి బేరింగు పోయిందో లేదో చెప్పేవాడు. తనకు జరిగినదాన్ని ఆయన అంగీకరించింది ఏ ఉపదేశం వినో కాదు. వేళ్లకు పని దొరికాక!

పదేళ్ల తర్వాత ఆ కాంపౌండరే టేబుల్ ఫ్యాను పట్టుకొని వచ్చాడు. కాసేపు నిలబడి, పెదనాన్నకు వినబడేలా గట్టిగా అన్నాడు: ‘నువ్వు చెప్పినవ్. నేను డాక్టరుకు చెప్పలే. తప్పు నాదే.’ పెదనాన్న ఫ్యాను బాగుచేసిచ్చి పూర్తి డబ్బులు తీసుకున్నాడు. ‘మాఫీ చేసినవా?’ అని పెద్దమ్మ అడిగితే, ‘చేసిన. మాఫీ ఆయనకు, మజూరీ నాకు’ అన్నాడు.

ఇద్దరూ ఒప్పుకోవాలి

తెలుగులో ‘ఒప్పుకోవడం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చేసినవాడు తప్పు ఒప్పుకుంటాడు. పడినవాడు జరిగింది ఒప్పుకుంటాడు. రెండోది మన చేతిలో పనే. కానీ మొదటిది జరగకపోతే క్షమించడం ఎంత కష్టం!

థాలిడోమైడ్ సంగతే చూడండి. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఆ మాత్రను వేవిళ్లకు వాడిన తల్లులకు చేతులు, కాళ్లు సరిగా ఎదగని పిల్లలు పుట్టారు. 1961లో దాన్ని అక్కడ వెనక్కి తీసుకున్నారు. తయారుచేసిన గ్రూనెంథాల్ కంపెనీ క్షమాపణ చెప్పింది మాత్రం 2012లో! అప్పటికి ఆ పిల్లలకు 50 ఏళ్లు వచ్చేశాయి. ఇంత ఆలస్యంగా వచ్చిన మాట తమకు అక్కర్లేదని చాలామంది అన్నారు. వాళ్లను తప్పుపట్టగలమా? క్షమించి తీరాలని బాధితుణ్ని ఒత్తిడి చేయడం రెండో గాయం.

కోపాన్ని పనిలో పెట్టినవాళ్లూ ఉన్నారు. ముంబయికి చెందిన నందితా వెంకటేశన్‌కు 2013లో, 24 ఏళ్ల వయసులో, క్షయ మందుల వల్ల వినికిడి పోయింది. దక్షిణాఫ్రికాలో ఫుమెజా టిసిలేదీ అదే కథ. చెవులకు హాని చేసే సూదుల బదులు వాడే బెడాక్విలిన్ మాత్ర చౌకగా అందాలని ఇద్దరూ కలిసి 2019లో మన పేటెంట్ కార్యాలయంలో అభ్యంతరం వేశారు. పేటెంట్‌ను పొడిగించుకోవాలన్న కంపెనీ దరఖాస్తు 2023 మార్చిలో తిరస్కారానికి గురైంది. పోయిన వినికిడి దాంతో తిరిగిరాలేదు. తర్వాతివాళ్ల చెవులు నిలబడే దారి మాత్రం పడింది.

మీరేం చేయొచ్చు?

మందు వాడుతుంటే చెవుల్లో మోత, తల తిరుగుడు, చూపు మసక, ఒంటిమీద దద్దుర్లు... ఏది కొత్తగా కనిపించినా వెంటనే డాక్టరుకే చెప్పండి. సొంతంగా మానేయకండి. ‘అదే తగ్గుతుందిలే’ అని ఊరుకోకండి. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం మన దేశంలో 2010 నుంచి నడుస్తోంది. రోగులు కూడా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు. అది ఎవరిమీదో కక్ష తీర్చుకోవడం కాదు.

ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ‘బతికావు కదా, సంతోషించు’ అనకండి. బతికినందుకు సంతోషమూ, పోయినదానికి దుఃఖమూ ఒకే గుండెలో ఉండొచ్చు. ముందు ఆ దుఃఖాన్ని మనం ఒప్పుకుందాం. క్షమ సంగతి వాళ్లు తీరిగ్గా చూసుకుంటారు.