మానని రొమ్ముగడ్డ



బాలింతకు పాలు గట్టి, రొమ్ము ఎఱ్ఱవారి, పోటుతో జ్వరము వచ్చుట మన యిండ్లలో క్రొత్త గాదు. దానికి సాధారణముగా కారణము చర్మముపై నుండు స్టాఫిలోకాకస్ అను సూక్ష్మజీవి. పాలు నిలువనీయక బిడ్డకిచ్చుచు, వైద్యులిచ్చిన మందు పూర్తిగా మ్రింగినచో నెమ్మదించును. చీము పట్టినచో సూదితో తీయుదురు. ఈ మాసము నేను వ్రాయదలచినది ఇట్లు మానని గడ్డను గూర్చి.

మా విడవలూరిలో నొక యింటి కోడలు, కానుపైన యాఱు నెలలకు గడ్డ లేచి, రెండుమార్లు కోయించుకొనెను. నొప్పి స్వల్పమే, సన్నని రంధ్రమున చీము మాత్రము కారుచునే యుండెను. చంకలో బిళ్ళలు కట్టెను. అత్తగారు దిష్టి యనిరి. ఒకరు రాచపుండని భయపెట్టిరి. ఆకుపట్టు వేయుమని చెప్పినదానను నేనే. ఆ మాట నన్నిప్పటికిని బాధించుచున్నది. కడపట నెల్లూరిలో నొక వైద్యురాలు గడ్డనుండి చిన్న ముక్క తీసి పరీక్షకు బంపగా, క్షయ యని తేలెను. దగ్గైనను లేనిదానికి రొమ్మున క్షయయా యని యందఱము నివ్వెఱపోతిమి.

ఇంగ్లండు శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1829లోనే దీనిని గండమాల జాతి వాపుగా వర్ణించెను. క్షయక్రిమిని కోఖ్ పండితుడు కనుగొన్నది 1882లో. ఈ వ్యాధి అరుదే. కాని మన దేశమున లేనిది గాదు. పాలిచ్చు వయసువారికే హెచ్చుగా వచ్చును. చీముగడ్డలకిచ్చు మామూలు మందులకు ఈ క్రిమి లొంగదు, మామూలు చీము పరీక్షలో కనబడదు. క్షయకై ప్రత్యేకముగా చూడుడని యడుగవలెను.

కొరినెబాక్టీరియం క్రోపెన్‌స్టెడ్టీ యను మఱియొక క్రిమి గలదు. 1998లో వర్ణింపబడిన యీ క్రిమి కొవ్వును కోరునది. పరీక్షశాలలో మెల్లగా పెరుగును. దాని గడ్డయు క్షయగడ్డను పోలియుండును గాని మందు వేఱు. వాపు తగ్గుటకు స్టెరాయిడు మొదలిడకమున్నే క్షయ కాదని తేల్చుకొనుట యందుకే.

క్షయకు చికిత్స సామాన్యముగా ఆఱు నెలలు: ఐసోనయాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబుటాల్ అను నాలుగు మందులు రెండు నెలలు, పిదప పైరజినమైడ్ మాని తక్కిన మూడు. ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. మూత్రము ఎఱ్ఱబారును; నెత్తురని జడియకుడు, అది రిఫాంపిసిన్ రంగు. ఈ మందులు మ్రింగుచు బిడ్డకు పాలియ్యవచ్చును. గడ్డయున్న వైపు సంగతి మాత్రము వైద్యుల నడుగుడు. ఇల్లు విడువనక్కఱయు లేదు. మదరాసులో 1956లో నెలకొల్పిన క్షయచికిత్సా కేంద్రమువారు, ఊపిరితిత్తుల క్షయకు ఇంటనే మందు దిన్నవారికిని శానటోరియములో నున్నవారికి వలెనే నయమగునని 1959లో వెల్లడించిరి.

మా కోడలిపిల్లకు మూడవ నెలలో రంధ్రము పూడెను. ఇక మాత్రలెందుకని మా యింటికి వచ్చినది. మా వారు బడినుండి వచ్చి, గోడనున్న పంచాంగములో మిగిలిన దినములు లెక్కించి చూపిరి. చివరి దినమున దానిపై గీత తానే గీసెను.