చిన్నవాని వేగమే ఇద్దరి వేగం



ఇటీవల ఒక తండ్రి తన పన్నెండేళ్ళ కుమారుణ్ణి మా ఆసుపత్రికి తీసుకొని వచ్చారు. ఇద్దరూ గేరు సైకిళ్ళ మీద కొండదారి పోటీకి తయారవుతున్నారట. దిగుడులో నాన్నను అందుకోవాలని తొందరపడి బాబు పడిపోయాడు. మణికట్టు వాచింది. ఎక్స్-రే తీసి పిండికట్టు వేస్తుండగా ఆ తండ్రి అడిగిన మొదటి ప్రశ్న, "పోటీ రోజుకి కట్టు విప్పేస్తారా డాక్టరుగారూ?" అని. బాబు మాత్రం తన చెయ్యి చూసుకోలేదు, తండ్రి ముఖమే చూస్తున్నాడు. ఆ చూపే మా చేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది.

సైకిలు పోటీలకు మేము వ్యతిరేకులం కాము. 5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు శరీర శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. టీవీ ముందు, సెల్‌ఫోన్ ముందు కూర్చునే ఇంటిలో తండ్రీ బిడ్డా కలిసి సైకిలు తొక్కుతున్నారంటే అది సంతోషించవలసిన విషయమే. మా ప్రశ్న ఒక్కటే. ఆ ఇద్దరిలో ఎవరి వేగానికి ఎవరు తొక్కాలి?

దక్షిణాఫ్రికాలో 2004 నుండి కేప్ ఎపిక్ అనే కొండదారి సైకిలు పోటీ జరుగుతున్నది. ఎనిమిది రోజుల పాటు రాళ్ళు, దుమ్ము, ఎక్కుడు దిగుడుల మధ్య వందల కిలోమీటర్లు తొక్కాలి. ఒంటరిగా ఎవరినీ రానివ్వరు, ఇద్దరు కలిసి జట్టుగా రావాలి. ఎదిగిన కొడుకుతో, కూతురితో జట్టు కట్టి వచ్చే తల్లిదండ్రులూ ఉంటారు. ఆ పోటీలో ఒక నియమం ఉన్నది. జట్టులోని ఇద్దరి మధ్య రెండు నిమిషాలకు మించి దూరం ఉండకూడదు. బలమైనవాడు ఎంత ముందుకు పోయినా లాభం లేదు. వెనుకవాడు వచ్చేవరకు ఆగవలసిందే.

ఇది మన సంఘాలకు క్రొత్త మాట కాదు. యాకోబు తిరిగి వస్తున్నప్పుడు అన్న ఏశావు కలిసి ప్రయాణం చేద్దామన్నాడు. పిల్లలు పసివారు, మందలు పాలిచ్చేవి, ఒక్క రోజు తొందరపెట్టినా చచ్చిపోతాయి, కాబట్టి వారి నడకను బట్టి మెల్లగా వస్తానని యాకోబు చెప్పిన సంగతి ఆదికాండములో చదువుతాము. ఆ ఒక్క మాటలో మంచి తండ్రి ఉన్నాడు, మంచి వైద్యుడు కూడా ఉన్నాడు.

ఎందుకంటే పిల్లవాడు చిన్న సైజు పెద్దవాడు కాడు. ఎదిగే ఎముకల చివర మెత్తని ఎదుగుదల పొర ఉంటుంది. దానికి దెబ్బ తగిలి సరిగా అతకకపోతే ఆ ఎముక వంకరగానో పొట్టిగానో పెరగవచ్చు. అందుకే చెప్పిన గడువుకు ముందు కట్టు విప్పమని మమ్మల్ని బ్రతిమాలవద్దు. తలకు దెబ్బ తగిలి తల తిరగడం, వాంతి, మతిమరుపు వంటివి కనిపిస్తే ఆ రోజుకు సైకిలు ముగిసినట్టే. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. తలకు సరిగా అమరిన హెల్మెట్ లేకుండా బయలుదేరవద్దు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్ళీ వాడవద్దు.

తండ్రులకు కూడా ఒక మాట. నలభై దాటినవారు, బి.పి., షుగరు ఉన్నవారు పోటీకి ముందు గుండె పరీక్ష చేయించుకోండి. ఎక్కుడులో ఛాతీ బిగించినట్టున్నా, చల్లని చెమట పట్టినా అక్కడే దిగండి. బిడ్డ ముందు చిన్నతనమని తొక్కుతూ పోవద్దు.

ఇక గెలుపు సంగతి. స్విట్జర్లాండ్‌కు చెందిన థామస్ ఫ్రిష్‌నెక్ట్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండదారి సైకిలు పందెంలో రజతం పొందాడు. అదే ఏడు ప్రపంచ పోటీలోనూ రెండవవాడే. మొదట వచ్చిన ఫ్రాన్సు దేశస్థుడు జెరోమ్ షియోటీ, తాను ఇ.పి.ఓ. ఇంజెక్షను వాడి గెలిచానని 2000లో తానే ఒప్పుకొని ఆ బిరుదును వదులుకున్నాడు. అది థామస్‌కు దక్కింది. కిడ్నీ జబ్బుతో రక్తం తగ్గినవారికి డాక్టర్లు ఇచ్చే మందే ఆ ఇ.పి.ఓ. రోగికి అది మేలు. ఆరోగ్యవంతుడు బలం కోసం వాడితే రక్తం చిక్కబడి, గడ్డకట్టి ప్రాణానికే ముప్పు. థామస్ కుమారుడు ఆండ్రి కూడా తరువాత అదే పందాలలో దిగాడు, తండ్రి నడిపిన జట్టులోనే తొక్కాడు. నాలుగేళ్ళు రెండవ స్థానంలోనే ఉండిపోయినా మచ్చలేని తండ్రి పేరు, ఏ కొడుకుకైనా మంచి ఆస్తి అని మా అభిప్రాయం.

తండ్రులు పిల్లలకు కోపము రేపవద్దని, వారి మనస్సు క్రుంగనీయవద్దని అపొస్తలుడైన పౌలు హెచ్చరించాడు. పందెం గట్టున నిలబడి అరిచే అరుపు కూడా ఆ హెచ్చరిక క్రిందికే వస్తుంది. మనం చిన్నప్పుడు గెలవలేనిది బిడ్డ చేత గెలిపించుకోవాలనుకోవడం ప్రేమ కాదు. ఎక్కుడులో బిడ్డను ముందు ఉంచి వెనుక తొక్కండి. అలసిపోయానంటే ఆగండి, వద్దంటే మానండి. వారానికి ఒక రోజైనా సైకిలు గోడకు ఆనించి ఉంచండి. ఇంటికి వచ్చాక, "ఎన్నోవాడివి?" అని కాకుండా, "దెబ్బలేమీ తగలలేదు కదా, బాగుందా నాన్నా?" అని అడగండి.

ఆ బాబు కట్టు విప్పించుకోవడానికి మళ్ళీ వచ్చాడు. పోటీ అప్పటికే అయిపోయింది. మేము అడగకుండానే తండ్రి అన్నారు, "నేనూ వెళ్ళలేదండీ. వీడు లేకుండా నాకెందుకు?" అని. బాబు ఈసారి మమ్మల్ని చూసి నవ్వాడు.

ప్రభువు మీ ఇంటి పెద్దలకు ఆగే ఓర్పును, పిన్నలకు ఎదిగే బలమును దయచేయును గాక.