టమాట తెగులు నిరోధకత పరిశోధనలో జన్యు నిశ్శబ్దత: విస్తరణ శాస్త్రవేత్తకు ఎందుకు తెలియాలి?

ఆకుముడతను తట్టుకొంటుందని చెప్పిన సంకర రకం వేసిన తోటలోనూ ఆకులు ముడుచుకొన్నప్పుడు రైతు అడిగేది ఒక్కటే: "తట్టుకొంటుందన్నారు గదా, మరి ఇదేమిటి?" మదనపల్లె వంటి టమాట ప్రాంతాలలో పనిచేసే వారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. మన సమాధానం సాధారణంగా తెల్లదోమ ఉధృతి దగ్గర, నారుమడిలో రక్షణ లోపం దగ్గర ఆగిపోతుంది. ఆ కారణాలు నిజమే. అయితే విత్తనంలోని నిరోధక జన్యువు ఏది, ఎలా పనిచేస్తుంది, ఎప్పుడు విఫలమవుతుంది అన్నది తెలియనంతవరకు ఆ సమాధానం సగమే. మిగిలిన సగాన్ని రాబట్టడంలో వైరస్ ప్రేరిత జన్యు నిశ్శబ్దత పద్ధతి పాత్ర గణనీయమైనది. కనుక ఇది ప్రయోగశాలవారి విషయమేనన్న భావనను మనం విడనాడాలని నా అభిప్రాయం.

పద్ధతి సూత్రం సులభమే. కణంలో జంటపోగు ఆర్.ఎన్.ఏ. కనిపించగానే మొక్క దానిని 21 నుండి 24 న్యూక్లియోటైడ్ల ముక్కలుగా కత్తిరించి, ఆ ముక్కల ఆధారంగా అదే వరుస గల ఆర్.ఎన్.ఏ.ను నాశనం చేస్తుంది. వైరస్‌లపై మొక్కకు గల సహజ రక్షణ ఇది. మనం పరీక్షించదలచిన టమాట జన్యువులోని చిన్న భాగాన్ని పొగాకు రాటిల్ వైరస్‌లో చేర్చి, అగ్రోబాక్టీరియం ద్వారా లేత మొక్కకు అందిస్తే, మొక్క ఆ వైరస్‌తో పోరాడుతూ తన జన్యువునే అణచివేసుకొంటుంది. ఈ వైరస్ వాహకం టమాటలో పనిచేస్తుందని 2002లో నిరూపితమైంది. ఫైటోయీన్ డీశాచురేజ్ జన్యువును అణచినప్పుడు కొత్త ఆకులు తెల్లబడడం దీనికి కంటికి కనిపించే సాక్ష్యం. జన్యుమార్పిడి మొక్కకు నెలలు పట్టే చోట ఇక్కడ వారాలు చాలు. భారతదేశం కూడా పాల్గొన్న టమాట జన్యుక్రమ నిర్ధారణ 2012లో ప్రచురితమై, సుమారు 35,000 జన్యువులను మన ముందుంచింది. వాటిలో ఏది ఏ పని చేస్తుందో తేల్చడానికి వేగవంతమైన పద్ధతి తప్పనిసరి.

దీనివల్ల ఒరిగినదేమిటో రెండు ఉదాహరణలు చెబుతాయి. సొలానమ్ చిలెన్స్ అనే అడవి జాతి నుండి టమాటలోకి తెచ్చిన టి.వై.-1 జన్యువును నిరోధక మొక్కలలో అణచగా, అవి పసుపు ఆకుముడత వైరస్‌కు లొంగిపోయాయి. నిరోధకతకు ఆ జన్యువే ఆధారమని 2013లో ఆ విధంగా రుజువైంది. టి.వై.-5 విషయంలో జరిగింది దీనికి విరుద్ధం. అక్కడి జన్యువు పెలోటా. వ్యాధికి లొంగే మొక్కలో దానిని అణచగా మొక్క నిరోధకతను చూపింది. అనగా వైరస్‌కు తోడ్పడే జన్యువు పని తగ్గడమే అక్కడ నిరోధకత. ప్రజనన శాస్త్రవేత్తకు ఈ భేదం కీలకం. మొదటిది బహిర్గత లక్షణం కాబట్టి సంకరంలో ఒక తల్లిదండ్రి నుండి వచ్చినా పనిచేస్తుంది. రెండవది అంతర్గత లక్షణం కాబట్టి ఇద్దరి నుండీ రావలసిందే.

టి.వై.-1 పనితీరు తెలిసిన తరువాత పొలానికి సంబంధించిన మరొక సంగతి బయటపడింది. ఈ జన్యువు వైరస్ డి.ఎన్.ఏ.పై మిథైల్ గుర్తులను పెంచి దానిని అణచుతుంది. దోస మొజాయిక్ వైరస్ కూడా సోకినప్పుడు ఈ రక్షణ బలహీనపడుతుందని 2014లో వెల్లడైంది. ఆ వైరస్‌ను వ్యాపింపజేసేది పేనుబంక. ఆకుముడత నిరోధక రకం వేసిన తోటలో తెల్లదోమను మాత్రమే చూసి పేనుబంకను విస్మరించరాదని చెప్పడానికి ఇది తగిన హేతువు. పైగా ఈ జన్యువు గల మొక్కలో వైరస్ పూర్తిగా లేకుండా పోదు, తక్కువ స్థాయిలో నిలిచి ఉంటుంది. కావున రైతుకు "తెగులు రాదు" అని కాక "తెగులును కొంతవరకు తట్టుకొంటుంది" అని చెప్పడమే సత్యం.

నిరోధక జన్యువు ఉన్నదో లేదో గుర్తులతో తెలుసుకొంటున్నాము, మరి ఈ శ్రమ ఎందుకని కొందరు అడుగవచ్చు. గుర్తు జన్యువు ఉనికిని మాత్రమే చెబుతుంది. అది పనిచేసే తీరును, దాని పరిమితిని చెప్పదు.

అయితే ఈ పద్ధతిని అతిగా నమ్మరాదు. నిశ్శబ్దత ఆకంతటా సమానంగా ఉండదు. వరుస పోలిక గల ఇతర జన్యువులూ అణగవచ్చు. ఇది చల్లని వాతావరణంలో మెరుగుగా పనిచేస్తుంది కనుక మన వేసవి గాజుగదులలో ఫలితం నిలకడగా ఉండదు. అన్నింటికీ మించి, వైరస్ నిరోధకతను మరొక వైరస్ సహాయంతో పరీక్షిస్తున్నామని మరువరాదు. ఆ వాహక వైరస్ ప్రభావాన్ని విడదీయాలంటే, మొక్కకు సంబంధం లేని వరుసను చేర్చిన వాహకంతో పోలిక మొక్కలు ఉండాలి. జన్యువు ఎంత మేరకు అణగినదో అదే ఆకులో కొలవాలి. ఈ రెండూ లేని సిద్ధాంత వ్యాసాన్ని విద్యార్థి సమర్పించరాదు, మార్గదర్శకుడు ఆమోదించరాదు. సంస్థాగత జీవభద్రతా సంఘం అనుమతి కూడా మొదటి దశలోనే పొందాలి.

చివరగా రెండు సూచనలు. పైన చెప్పిన ఫలితాలు పసుపు ఆకుముడత వైరస్‌పై వచ్చినవి. మన తోటలలో న్యూఢిల్లీ, బెంగళూరు పేర్లు గల ఆకుముడత వైరస్‌లు ఉన్నవి. పొలం నుండి విస్తరణ శాస్త్రవేత్తలు సేకరించిన వైరస్‌లతోనే ఈ ప్రయోగాలు జరగాలి. అట్లే, రకం విడుదల కరపత్రంలో నిరోధక జన్యువు పేరును, అది తట్టుకొనే వైరస్‌ను, దాని పరిమితిని ముద్రించాలి. అప్పుడు "మరి ఇదేమిటి?" అని అడిగే రైతుకు మనం పూర్తి సమాధానం ఇవ్వగలుగుతాము.