సర్వర్ల భారాన్ని పనివేళల్లోనే కొలవాలి

కర్నూలు, కడప: రిజిస్ట్రేషన్ శాఖలో 1998లో ప్రవేశపెట్టిన కార్డ్ విధానం కింద సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లోనే కంప్యూటర్లు నెలకొల్పారు. నేడు సేవలు కేంద్రీకృత సర్వర్ల నుంచి అందుతున్నందున పత్తికొండలోనో, పులివెందులలోనో దస్తావేజు నిలిచిపోతే కారణం అక్కడే ఉండనక్కరలేదు. 2025 ఫిబ్రవరి 1న భూముల విలువలు పెరిగినట్టి సందర్భాల్లో, ముందు రోజుల రద్దీ అంతా ఒక్కచోటనే పడుతుంది. కూలి మానుకొని వచ్చిన మెట్ట రైతుకు మరునాడు రమ్మంటే మరొక దినం కూలి, మరొకసారి బస్సు ఛార్జీ నష్టమే.

ఒకే యంత్రాన్ని పంచుకొనే వర్చువల్ సర్వర్లకు 24 గంటల సగటు చూపే నివేదికలు చాలవు. ప్రాసెసర్‌పై భారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు 90 శాతం, మిగిలిన 17 గంటలు 10 శాతం ఉంటే సగటు 33 శాతమే. ఆ కులాసా అంకె తలుపులు మూసిన రాత్రి వేళ పుణ్యమే. మెమరీ సంగతి మరింత చిక్కైనది. అది చాలనపుడు సమాచారం డిస్కుకు మళ్లి, ప్రాసెసర్ తీరికగా కనబడుతున్నా సేవలు మందగిస్తాయి. అసలు ప్రాసెసర్ కోసం వర్చువల్ సర్వర్ వేచి ఉన్న సమయాన్ని కూడా విడిగా నమోదు చేయవలసి ఉంది. సామర్థ్యం పెంపు ప్రతిపాదనలకు పనివేళల గరిష్ఠ స్థాయినే ప్రాతిపదికగా తీసుకోవడం సముచితం.