చిప్పుకు అందని పొగ

ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, అంగుళం కూడా లేని ఓఎల్ఈడీ తెర, ఒక పవర్ ట్రాన్సిస్టర్, ఒక మీట, ఒక లిథియం బ్యాటరీ. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కాసేపు తిరిగితే దొరికే సామాన్లే ఇవన్నీ. ఇంజినీరింగ్ విద్యార్థులు వీటితో రోబోలు చేస్తారు, పొలం మోటారుకు టైమర్లు బిగిస్తారు. అమెరికా, బ్రిటన్ దేశాల్లోని ఔత్సాహికులు పదేళ్లకు పైగా ఇవే భాగాలతో ఇంట్లోనే ఎలక్ట్రానిక్ సిగరెట్ కూడా తయారు చేసుకుంటున్నారు. వాడుకలో దాని పేరు వేప్. తెర మీద వాట్లు, ఓములు, బ్యాటరీ శాతం మెరుస్తుంటే అదేదో ప్రయోగశాల పరికరంలా కనిపిస్తుంది. అన్నీ కొలుస్తోంది కాబట్టి అంతా అదుపులోనే ఉందన్న ధీమా కలుగుతుంది. ప్రమాదమంతా ఆ ధీమాలోనే ఉంది.

పొగాకు కాల్చకుండా ఆవిరి పీల్చే పరికరానికి అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1965లోనే పేటెంట్ పొందారు. కానీ అప్పట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఈనాటి ఈ-సిగరెట్‌కు ఆద్యుడు చైనా ఫార్మసిస్టు హాన్ లిక్. 2003లో ఆయన రూపొందించిన పరికరం మరుసటి ఏడాది అక్కడి మార్కెట్లోకి వచ్చింది. తొలి పరికరాల్లోని బ్యాటరీలు చిన్నవి, ఇట్టే అయిపోయేవి. దాంతో 2008 ప్రాంతంలో బ్రిటన్‌లో కొందరు టార్చిలైటు గొట్టంలో పెద్ద బ్యాటరీ పెట్టి, బల్బు స్థానంలో ఆవిరి పుట్టించే కాయిల్ బిగించారు. అలా మార్పులు చేసిన పరికరాలకే ‘మాడ్’ అన్న పేరు స్థిరపడింది.

అక్కడి నుంచి కథ చిప్పుల వైపు తిరిగింది. అమెరికాలోని ఒహాయోకు చెందిన ఎవోల్వ్ సంస్థ డీఎన్‌ఏ పేరుతో చిన్న కంట్రోల్ బోర్డులు అమ్మసాగింది. 2014లో వచ్చిన డీఎన్‌ఏ 40 బోర్డు కాయిల్ ఉష్ణోగ్రతను కూడా అదుపు చేయగలిగింది. చైనా కంపెనీ జాయ్‌టెక్ తన పరికరాల్లో నువోటాన్ మైక్రోకంట్రోలర్ వాడితే, ఔత్సాహికులు అందులోని సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూసి, సొంతంగా తిరగరాసుకున్నారు. వేప్ తెర మీద వీడియో గేములు కూడా ఆడించారు.

ఇందులోని సూత్రం హైస్కూలు భౌతికశాస్త్రమే. వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగిస్తే వాట్లు వస్తాయి. నిండా చార్జ్ అయిన లిథియం సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది. దాన్ని 0.5 ఓముల కాయిల్‌కు నేరుగా కలిపితే 8.4 ఆంపియర్ల కరెంటు పారి, దాదాపు 35 వాట్ల వేడి పుడుతుంది. సెల్ 3.2 వోల్టులకు దిగేసరికి అదే కాయిల్‌లో వేడి 20 వాట్లకు పడిపోతుంది. ఈ తేడాను సరిచేయడమే మైక్రోకంట్రోలర్ మొదటి పని. అది ట్రాన్సిస్టర్‌ను సెకనుకు కొన్ని వందల నుంచి వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. వాడే వ్యక్తి 20 వాట్లు కోరుకుంటే, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సుమారు 57 శాతం కాలం, 3.2 వోల్టుల దగ్గర దాదాపు పూర్తి కాలం కరెంటును వదులుతుంది. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే కుర్రాడికి ఇంతకన్నా చక్కటి పాఠం ఉండదు. ఈ పరికరం పట్ల యువతకు అంత ఆకర్షణ కలగడానికి పొగ ఒక్కటే కారణమని అనుకోవడం పొరపాటు.

ఉష్ణోగ్రత దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పడం మొదలవుతుంది. వేప్‌లో సాధారణంగా ఉష్ణోగ్రత సెన్సర్ ఉండదు. నికెల్, టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలు వేడెక్కేకొద్దీ వాటి నిరోధం పెరుగుతుంది. ఆ పెరుగుదలను బట్టి చిప్ ఉష్ణోగ్రతను ఊహిస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 0.5 ఓములున్న స్టీల్ కాయిల్ 220 డిగ్రీలకు చేరితే దాని నిరోధం సుమారు 0.59 ఓములవుతుంది. అంటే 200 డిగ్రీల తేడా మొత్తం 0.09 ఓముల్లోనే ఇమిడి ఉంది. కాయిల్‌ను పట్టి ఉంచే మర కాస్త వదులై 0.01 ఓము తేడా వచ్చినా, చిప్ లెక్క ఇరవై డిగ్రీలకు పైగా తప్పుతుంది.

ఇంకా పెద్ద పొరపాటుకూ ఆస్కారముంది. అప్పుడే వాడి ఇంకా చల్లారని కాయిల్‌ను తీసి మళ్లీ బిగించారనుకుందాం. అది అప్పుడు 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. చిప్ మాత్రం దాన్ని గది ఉష్ణోగ్రతలో ఉన్న కాయిల్‌గానే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ తర్వాత తెర మీద 220 అని కనిపించేటప్పుడు తీగ అసలు వేడి 267 డిగ్రీల దాకా ఉంటుంది. ప్రోగ్రామ్‌లో తప్పేమీ ఉండదు, తెరా బాగానే వెలుగుతుంటుంది. పీల్చే మనిషికి తేడా తెలిసే మార్గం మాత్రం లేదు.

ఆ తేడాకు మూల్యం ఊపిరితిత్తులు చెల్లిస్తాయి. వేప్ ద్రవంలో ప్రధానంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. అవి మితిమీరి వేడెక్కినా, కాయిల్‌లోని దూది ఎండిపోయినా ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి విషపదార్థాలు పుడతాయి. కాయిల్ లోహం కూడా ఆవిరిలో కలుస్తుంది. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 56 మంది వాడుతున్న పరికరాలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. సీసాలోని ద్రవంలో నామమాత్రంగా ఉన్న లోహాలు, కాయిల్‌ను తాకిన తర్వాత బాగా పెరిగాయి. ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం కనిపించాయి. వీటిలో ఏ ఒక్కటీ మైక్రోకంట్రోలర్‌కు తెలియదు. దానికి తెలిసింది వోల్టేజీ, కరెంటు, కాలం. అవి మూడూ సక్రమంగా ఉన్నంత మాత్రాన ఆవిరి సురక్షితమని చెప్పలేం.

ద్రవాన్ని కూడా ఏ నియంత్రణా లేకుండా కలిపితే ఏమవుతుందో 2019లో అమెరికా చూసింది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 మంది ఆస్పత్రుల పాలయ్యారు లేదా మరణించారు. మృతులు 68 మంది. అనధికార మార్గాల్లో వచ్చిన గంజాయి సారపు ద్రవాలు, వాటిని చిక్కబరచడానికి కలిపిన విటమిన్ ఈ అసిటేట్ ఇందుకు ప్రధాన కారణమని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు తేల్చాయి. మింగితే హాని చేయని పదార్థం పీలిస్తే ప్రాణం తీసింది.

బ్యాటరీది మరో ముప్పు. ఈ పరికరాల్లో ఎక్కువగా వాడేది 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 సెల్. దానికి 0.2 ఓముల కాయిల్ కలిపితే 21 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి ఊడదీసిన సెల్‌కు అంత శక్తి లేదు. అమెరికా అగ్నిమాపక విభాగం లెక్క ప్రకారం 2009 నుంచి 2016 చివరి దాకా అక్కడ 195 వేప్ పేలుళ్లు, మంటలు నమోదయ్యాయి. 133 మంది గాయపడ్డారు. 2018 మేలో ఫ్లోరిడాలో ఒకరు, 2019 జనవరిలో టెక్సాస్‌లో మరొకరు వేప్ పేలి ప్రాణాలు కోల్పోయారు. రక్షణ కవచం లేని విడి 18650 సెల్‌లను కొనవద్దని, వాడవద్దని 2021లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం హెచ్చరించింది.

పది సెకన్ల తర్వాత కాయిల్ దానంతటదే ఆగిపోయేలా ప్రోగ్రామ్ రాశాం కదా అని ఇంటి తయారీదారులు భరోసాగా ఉంటారు. ఆ భరోసాకూ హద్దుంది. పవర్ ట్రాన్సిస్టర్ కాలిపోయినప్పుడు చాలాసార్లు అది షార్ట్ అయి, ఆన్ స్థితిలోనే ఉండిపోతుంది. చిప్ ఎన్నిసార్లు ఆగమన్నా కరెంటు ఆగదు. పరికరం జేబులో ఉండగా కాయిల్ కాలుతూనే ఉంటుంది. ప్రోగ్రామ్‌తో సంబంధం లేకుండా పనిచేసే ఫ్యూజు, విడి రక్షణ సర్క్యూట్ లేకపోతే దాన్ని ఆపే దారి లేదు.

సిగరెట్లు, బీడీలు వీధి వీధినా దొరుకుతుండగా వేప్‌నే నిషేధించడమేమిటన్న వాదన మన దేశంలో తరచూ వినిపిస్తుంది. అందులో పస లేకపోలేదు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలోని వయోజనుల్లో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం మన గుంటూరులోనే ఉంది. సిగరెట్ మానడానికి సాయంగా పది లక్షల మందికి వేప్ కిట్లు ఇస్తామని ఇంగ్లాండ్ 2023లో ప్రకటించింది కూడా. అయితే ఆ దేశంలో ఏ నికోటిన్ వేప్ అమ్మాలన్నా ఆరు నెలల ముందే ఔషధ నియంత్రణ సంస్థకు దాని పదార్థాలు, ఉద్గారాల వివరాలు సమర్పించాలి. నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. వాడి పారేసే వేప్‌లను 2025 జూన్ 1 నుంచి నిషేధించారు. సిగరెట్ కన్నా నయమన్న మాటకు అక్కడ ఇంత కట్టుదిట్టమైన వ్యవస్థ దన్నుగా ఉంది. పడకగదిలో సోల్డరింగ్ చేసిన పరికరానికి ఆ మాట వర్తించదు.

భారతదేశంలో ఆ చర్చకు చట్టం ముగింపు పలికింది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్‌గా వచ్చి, డిసెంబరులో చట్టమైన ఈ-సిగరెట్ల నిషేధం తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నింటినీ నేరంగా ప్రకటించింది. నికోటిన్ ఉన్నా లేకపోయినా, పీల్చడానికి ఆవిరి పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరమైతే చాలు, దాని పరిధిలోకి వస్తుంది. పూర్తి పరికరమైనా, అందులో భాగమైనా తేడా లేదు. నిల్వ మినహా మిగతా వాటికి మొదటి నేరమైతే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. కాలేజీ ప్రాజెక్టు అని, సొంతానికి చేసుకున్నామని చెబితే వదిలేసే మినహాయింపేదీ ఇందులో లేదు. విదేశీ వీడియోలు చూసి ఉత్సాహపడే విద్యార్థుల్లో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

నిషేధం ఉందని భయపెట్టి ఊరుకుంటే మాత్రం ఒక మంచి నైపుణ్యాన్ని తుంచేసినట్లవుతుంది. నిరోధాన్ని బట్టి వేడిని అదుపు చేసే ఇదే విద్యతో సోల్డరింగ్ స్టేషన్ తయారవుతుంది. పెరటి కోళ్లు పెంచే రైతు కోసం ఇంక్యుబేటర్ తయారవుతుంది. కోడిగుడ్లను 21 రోజుల పాటు 37.5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచడం వేప్ కాయిల్‌ను అదుపు చేయడం కన్నా తేలికేమీ కాదు. అందులో తప్పు జరిగితే గుడ్లు పాడవుతాయి, మనిషి ఊపిరితిత్తులు కావు. వాడి పారేసిన వేప్‌లోని చిప్పుతో 2025లో యూరప్ ఇంజినీరు ఒకరు వెబ్ సర్వర్ నడిపారు. ఆ చిప్ మెమరీ 24 కిలోబైట్లే. ఆవిరి పుట్టించి చెత్తబుట్టలో పడిన చిప్ ఎంత పని చేయగలదో లోకానికి అలా తెలిసింది.

నమూనాలు తయారు చేసుకోవడానికి హైదరాబాద్‌లో 2023 నుంచి టీ-వర్క్స్ ఉంది. దేశవ్యాప్తంగా పది వేల బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులున్నాయి. వాటిలో లిథియం సెల్ భద్రత, ట్రాన్సిస్టర్ షార్ట్ అయినా ఆదుకునే విడి రక్షణ సర్క్యూట్ అన్నవి తప్పనిసరి పాఠాలు కావాలి. వేప్ చేస్తానని వచ్చిన విద్యార్థిని మందలించి పంపేయకుండా, ఆ సర్క్యూట్‌నే ఇంక్యుబేటర్‌గా మార్చి చూపమని ఉపాధ్యాయులు అడగాలి. తల్లిదండ్రులు పిల్లల బల్ల మీది బోర్డులను అనుమానంగా చూడనక్కర్లేదు. అయితే ఆ బల్ల మీద విడి సెల్‌లు, కాయిల్ తీగ, సువాసనల ద్రవాలు ఒక్కచోట కనిపిస్తే కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ మాటల్లో చట్టంతో పాటు, చిప్ ఏం కొలవగలదో, ఏం కొలవలేదో కూడా చెప్పాలి.