పెట్టె మీద పేరు

"మా అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి జర్మనీ వెళ్తున్నాడు. వీసా కోసం ఏడాది ఖర్చంతా అక్కడి ఖాతాలో అప్పుడే కట్టేశాం. ఇప్పుడు ఇంకో ఖాతా తెరవాలంటాడు. ఇదేం విడ్డూరమండీ?" అని ఏలూరు నుంచి ఒక తల్లి అడిగారు.

అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. మీరు కట్టింది తాళం వేసిన ఖాతా. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని 11,904 యూరోలు చేశారు. అందులోంచి నెలకు 992 యూరోలు మాత్రమే బయటికి వస్తాయి. అవి వచ్చి పడడానికి అక్కడ మామూలు ఖాతా ఒకటి ఉండాలి.

చిక్కంతా దాంతోనే. ఇంటి చిరునామా నమోదు చేయించుకున్న కాగితం చూపమంటాయి చాలా బ్యాంకులు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా ఊరి కార్యాలయంలో ఆ నమోదు జరగాలి. అందుకు ఇంటివారి సంతకం కావాలి. ఇంటివారేమో అద్దె బ్యాంకు ద్వారానే పంపమంటారు! పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టుంది గదూ?

దీనికి చట్టం ఒక దారి చూపింది. యూరప్ సమాఖ్యలో చట్టబద్ధంగా ఉంటున్న వారెవరికైనా, ఆఖరికి సొంత గూడు లేనివారికి కూడా, 'బాజిస్‌కాంటో' అనే ప్రాథమిక ఖాతా పొందే హక్కు 2016 జూన్ నుంచి జర్మనీలో ఉంది. దరఖాస్తు సక్రమంగా ఇస్తే పది పనిదినాల్లో బ్యాంకు ఖాతా ఇవ్వాలి. కాదంటే కారణం కాగితం మీద పెట్టాలి. అప్పుడు 'బాఫిన్' అనే ప్రభుత్వ సంస్థకు మొర పెట్టుకోవచ్చు. కౌంటరులో ఈ మాట వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోవచ్చు. మీ వాడే పేరు పెట్టి అడగాలి. ఈలోగా చేతిలో ఆడడానికి నెలా రెండు నెలల ఖర్చు ఫారెక్స్ కార్డులో వేసి పంపండి.

అసలు తంటా తర్వాత వస్తుంది. అక్కడి అపార్టుమెంట్లలో చాలావాటికి ఫ్లాటు నెంబర్లుండవు. పోస్టుమాన్ పెట్టె మీది పేరు చూసి ఉత్తరం వేస్తాడు. బ్యాంకు కార్డు ఒక కవరులో, దాని రహస్య సంఖ్య వేరే కవరులో పంపుతారు. పేరు కనబడకపోతే రెండూ వెనక్కి పోతాయి. మనవాడు పెట్టె మీద ముద్దుగా 'రవి' అని అంటిస్తాడు. బ్యాంకువారు రాసేది పాస్‌పోర్టులోని ఇంటిపేరుతో! స్నేహితుడి గదిలో దిగినా సరే, ఆ ఇంటిపేరు చీటీ మీద రాసి మొదటిరోజే అంటించమనండి.

ఇంకొక్క సంగతి. "నీ ఖాతాలో కొంత డబ్బు వేస్తాను, వంద ఉంచుకుని మిగతాది ఫలానావారికి పంపు" అని ఎవరైనా తీయగా అడిగితే ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పండి. అది సాధారణంగా ఎక్కడో మోసపోయినవారి సొమ్ము. పోలీసులు ముందుగా వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వారినే.