ముందు కొలవండి, తర్వాతే ఆయిల్ కూలర్

పికప్ ట్రక్కుకి ఆయిల్ కూలర్ బిగిద్దామని ఎవరు వచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే: నీ బండిలో ఆయిల్ ఎంత వేడెక్కుతోంది? అంకె చెప్పేవాళ్లు అరుదు. "టెక్సాస్ ఎండలు కదా అంకుల్" అంటారు. బయట ఎండెంతో ఫోన్లో తెలుస్తుంది. ఇంజిన్ అడుగున సంప్‌లో ఆయిల్ ఎంత కాగుతోందో తెలియాలంటే గేజ్ ఉండాలి. గేజ్ పెట్టకుండా కూలర్ కొనకూడదని నా గట్టి అభిప్రాయం. డాలస్ చుట్టుపక్కల మన కుర్రాళ్ల చేతుల్లో ఇలాంటి బళ్లు కనిపిస్తున్నాయి కాబట్టి ఇది రాయాలనిపించింది.

మా మేనల్లుడు సెకండ్‌హ్యాండ్‌లో 2001 ఫోర్డ్ లైట్నింగ్ కొన్నాడు. తర్వాత వచ్చిన కరెంటు లైట్నింగ్ కాదు, దానికి ఇంజిన్ ఆయిలే అక్కర్లేదు. ఇది పాత పెట్రోల్ ఎఫ్-150. 5.4 లీటర్ల వీ8, పైన ఈటన్ సూపర్‌చార్జర్, 380 హార్స్‌పవర్. కొన్న కొద్దిరోజులకే ఫోన్: "మామయ్యా, కూలర్ కిట్ ఒకటి చూశాను, ఆర్డర్ పెట్టేయనా?" ఆగమన్నాను. వాడు ఉండేది ఇర్వింగ్‌లో, ఆఫీసు ప్లేనోలో. వారాంతాల్లో మాత్రం ట్రైలర్ మీద బోటు ఎక్కించుకుని టెక్సోమా సరస్సుకి పోతాడు. ఈ రెండు ప్రయాణాల్లో ఆయిల్‌కి పడే శ్రమ ఒక్కటి కాదు. అందుకే ఆగమన్నది.

ఇంజిన్ భాగాలు ఒరుసుకోకుండా చూడటమే ఆయిల్ పని అనుకుంటారు చాలామంది. పిస్టన్ల అడుగు వేడినీ, బేరింగుల వేడినీ మోసుకొచ్చి సంప్‌లో దించేది కూడా అదే. 5డబ్ల్యూ-30 అని డబ్బా మీద రాసి ఉంటుందే, అందులోని 30 అనేది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచిన చిక్కదనాన్ని బట్టి ఇచ్చిన గ్రేడు. అంటే ఆ ఆయిల్ ఆ వేడిలో పనిచేయడానికే పుట్టింది. వేడి 130 దాటి అక్కడే ఉంటే మాత్రం ఆయిల్ పలచబడుతుంది, బేరింగు మీది పొర సన్నబడుతుంది. ప్రతి పది డిగ్రీలకీ ఆయిల్ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్లు ఒక మోటు లెక్కగా చెబుతారు. కూలర్ అవసరం ఇక్కడే పుడుతుంది. దాన్ని నేను కాదనను.

అమ్మేవాళ్లు చెప్పని రెండోవైపు ఉంది. పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత, కాలకుండా మిగిలిన పెట్రోల్ కొంత, పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్లో చేరతాయి. ఆయిల్ బాగా కాగి, ఆ వేడిలో కాసేపు తిరిగితేనే అవి ఆవిరై బయటికి పోతాయి. జనవరి పొద్దున గడ్డకట్టే చలిలో అరగంట నడిపి ఆపేసే బండికి, థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కాకే కూలర్‌కి దారి తెరిచేది) లేని కూలర్ బిగిస్తే ఆ ఆయిల్ ఎప్పటికీ కాగదు. అలాంటి బండికి ఆయిల్ పోసే మూత విప్పి చూడండి, లోపలివైపు మజ్జిగ మీద తేలిన వెన్నలాంటి తెల్లటి జిగురు అంటుకుని ఉంటుంది. ఇంజిన్‌ని కాపాడదామని డబ్బు పెట్టి దాన్ని అరగదీసుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక డాష్‌బోర్డు సంగతి. ఆనాటి ఫోర్డ్ ట్రక్కుల్లో చాలావాటికి ఆయిల్ ప్రెషర్ ముల్లు ఉంటుంది. చూడ్డానికి గేజే, దాని వెనక ఉన్నది మాత్రం ఒక స్విచ్. ప్రెషర్ నాలుగైదు పీఎస్‌ఐ దాటితే చాలు, ముల్లు వచ్చి మధ్యలో నిలబడుతుంది. 10 ఉన్నా అక్కడే, 60 ఉన్నా అక్కడే. ఆయిల్ వేడికైతే ముల్లే లేదు. పర్ఫార్మెన్స్ ట్రక్కు అని చెప్పి అమ్మిన లైట్నింగ్‌లో ఇది అన్యాయం. ఇప్పటి పర్ఫార్మెన్స్ ట్రక్కుల్లో చాలావాటికి ఆయిల్ వేడి తెరమీద అంకెల్లోనే కనిపిస్తోంది, సంతోషం. పాత బండి కొన్నవాళ్లు మాత్రం మొదటి ఖర్చు నిజమైన గేజ్ మీదే పెట్టాలి.

మావాడి బండికి అదే చేశాం. ఆగస్టు మధ్యాహ్నం, బయట 105 ఫారన్‌హీట్, ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో ట్రాఫిక్. అయినా ఆయిల్ 105 సెల్సియస్ దాటలేదు. ఆ పనికి కూలర్ దండగ. బోటు తగిలించి 75 హైవే మీద ఉత్తరానికి పట్టినప్పుడు డెనిసన్ చేరకముందే 130 దాటింది, దిగనంది. అప్పుడు ఆర్డర్ పెట్టమన్నాను, థర్మోస్టాట్ ఉన్న ప్లేటుతో సహా.

ఆ ప్లేటు ఇంజిన్‌కీ ఆయిల్ ఫిల్టర్‌కీ మధ్యన కూర్చుంటుంది. ఈ ఇంజిన్ ఫిల్టర్ మర సైజు 22 మిల్లీమీటర్లు, పిచ్ 1.5. వేరే మర ఉన్న ప్లేటు దీనికి ఎక్కదు, బలవంతంగా తిప్పితే మర పోతుంది. లోపలి థర్మోస్టాట్ 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అప్పటిదాకా చాలా కొద్ది ఆయిలే కూలర్‌వైపు పోతూ దాన్ని గోరువెచ్చగా ఉంచుతుంది. హోస్‌లు ఏఎన్-10 సైజు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు. ఈ హోస్‌ల దగ్గర తొందరపడకూడదు. స్టీలు అల్లిక ఉన్న హోస్ ఛాసిస్‌కి ఆనుకుంటే ఛాసిస్ రంగునీ లోహాన్నీ ఆకురాయిలా కోసేస్తుంది, చివరికి తనూ తెగుతుంది. పంపు ప్రెషర్‌తో తోస్తుంది కాబట్టి హోస్ తెగిన కాసేపటికే ఉన్న ఆయిలంతా రోడ్డు పాలు. మావాడు వంపు వంపుకీ రబ్బరు పొదిగిన క్లిప్పు వేశాడు, స్టీరింగ్ ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పి టైరు తగలడం లేదని పడుకుని చూశాడు. ఇంజిన్ స్టార్ట్ చేసేముందు కూలర్‌ని ఆయిల్‌తో నింపాం. యాక్సిలరేటర్ నేలకు తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే ఇందులో పెట్రోల్ ఆగిపోతుంది, ఇంజిన్ ఊరికే తిరిగి ఆయిల్ పైకి ఎక్కుతుంది. కొత్త గేజ్‌లో ప్రెషర్ లేచాకే అసలు స్టార్ట్.

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటి బళ్లకి పవర్ పెంచి, పైగా కూలర్ కూడా పెడదామనుకునే వాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. వాళ్లకీ ఇదే చెబుతాను, ఇంకో మాట కలిపి. ముందువైపు పెట్టే కూలర్ గాలి మీద బతుకుతుంది. పాడేరు ఘాట్‌లో సెకండ్ గేర్‌లో బరువుతో ఎక్కేటప్పుడు గాలి తక్కువ. దానికి ఫ్యాన్ లేకపోతే, అవసరమైన చోటే అది సరిగా పనిచేయదు. ఏసీ కండెన్సర్‌ని పూర్తిగా కప్పేలా బిగిస్తే ఏసీ కూడా నీరసిస్తుంది.

చవగ్గా వస్తోందని బేరింగు పోయిన బండినుంచి విప్పిన పాత కూలర్ మాత్రం ఎవరూ కొనకండి. బేరింగు రాలిన లోహపు రవ్వలు ఆ సన్నటి గొట్టాల్లో చిక్కుకుంటాయి, ఎంత కడిగినా అన్నీ రావు. మిగిలినవి మీ ఇంజిన్‌లోకే వస్తాయి.